కొసరు బెల్లం

“బిడ్డా, గీ కందిపప్పు ఎట్ల ఇస్తున్నరు?”

రోహిత్ వెనక్కి తిరిగి చూశాడు. వెనక ఎవరూ లేరు. చుక్కల చీర కట్టుకుని, చంకలో మడిచిన సంచితో ఎదురుగా నిలబడ్డ పెద్దమ్మ అడుగుతున్నది తననే.

“నేనిక్కడ పనిచేయనమ్మా,” అన్నాడు.

“మెడల పట్టీ ఏసుకొని పనిచెయ్యనంటవేంది?”

అప్పుడు చూసుకున్నాడు. ఆఫీసు నుంచి నేరుగా రావడంతో కంపెనీ కార్డు నీలం పట్టీతో మెడలోనే వేలాడుతోంది. ఒంటి మీద కంపెనీ వాళ్లు పంచిన నీలం టీషర్టు. నానక్‌రామ్‌గూడలోని ఆ చౌక సరుకుల దుకాణంలో పనివాళ్లందరికీ నీలం చొక్కాలే. ఇంక ఎవరికి చెప్పి ఏం లాభం?

అసలు రోహిత్ ఇలాంటి చోట అడుగు పెట్టడం ఇదే మొదటిసారి. ఉప్పు అయిపోయినా ఫోన్ నొక్కి తెప్పించుకునే రకం. కిందటి నెల ఎవడో అడవి తేనె అని చెబితే నమ్మి సీసాడు పంచదార పాకం కొనుక్కొచ్చాడు. ఆ రోజే భార్య రసజ్ఞ పందెం కాసింది.

“నిన్ను చంటిపిల్ల కూడా బోల్తా కొట్టిస్తుంది. ఒక్కటంటే ఒక్కసారి, ఎవరి చేతిలోనూ మోసపోకుండా నెల సరుకులు తీసుకురా. తెచ్చావంటే ఆదివారాలు నీ క్రికెట్ జోలికి రాను. మోసపోయావా, ఇక జన్మంతా సరుకులు నువ్వే మోసుకురావాలి. తర్వాతెప్పుడో బయటపడినా లెక్కే.”

ఆదివారం క్రికెట్ లేకపోతే రోహిత్‌కు వారంలో ఏడూ సోమవారాలే. అందుకే దుకాణంలోకి వచ్చిన దగ్గర్నుంచీ ఒళ్లంతా కళ్లు చేసుకుని తిరుగుతున్నాడు.

“నాకు సదువు రాదు బిడ్డా. ధర ఎంత రాసున్నదో జర చెప్పు,” అంది పెద్దమ్మ.

చదువు రాని ముసలావిడ తననేం మోసం చేస్తుందిలే అని రోహిత్ ధైర్యం తెచ్చుకున్నాడు. ధర చదివి చెప్పాడు. ఆమె సంచి కింద పడేసి, ప్యాకెట్లు నొక్కి నొక్కి చూసి, రెండు తీసుకుంది. తర్వాత అతని సరుకుల తోపుడు బండిలోకి తొంగి చూసింది.

“డ్యూటీ అయినంక ఇంటికి గిట్ల కొంటున్నవా? మంచిదే. కానీ గా పప్పు పాతది, ఉడకదు. ఇది తీస్కో. ఇగ జర కాళ్లు లేపు, నా సంచి తొక్కినవ్.”

నిలబడ్డ మనిషి రెండు కాళ్లూ ఎలా లేపుతాడు? అయినా ఆ మాట చెవిన పడగానే రోహిత్ మడమలు వాటంతటవే లేచాయి. బండి పట్టుకుని ఉన్నాడు కాబట్టి సరిపోయింది, లేకపోతే పప్పుల మధ్యే పడేవాడు. ఆ గొంతు ఎక్కడో విన్నట్టు అనిపించింది. పెద్దమ్మలందరి గొంతూ ఇంతేలే అనుకున్నాడు.

అరగంటలో ఆమె అతని చేత ఫోన్‌లోని జాబితా మొత్తం చదివించింది. ఏ బియ్యం ముక్కిపోయాయో, ఏ చింతపండులో గింజలున్నాయో వాసన చూసి చెప్పింది. మధ్యలో ఒక పెద్దమనిషి వచ్చి, “బాబూ, ఇంగువ ఎక్కడండి?” అని అడిగితే రోహిత్ అలవాటైపోయినవాడిలా “మూడో వరసండి” అన్నాడు. అక్కడ నిజంగానే ఇంగువ ఉండేసరికి కాస్త గర్వపడ్డాడు.

“ఇగ కొసరు ఇయ్యి,” పెద్దమ్మ చేయి చాపింది.

“కొసరేంటమ్మా?”

“ఇన్ని సామాన్లు కొన్న. మా పోచయ్య దుకాణంలనైతే బెల్లమో పుట్నాలో పిడికెడు చేతుల పెడ్తడు. గింత పెద్ద దుకాణం పెట్టి కొసరు ఇయ్యరా?”

“ఇక్కడ మిషన్ బిల్లు కొడుతుందమ్మా. దానికి కొసరు సంగతి తెలీదు.”

“మిషన్‌కు తెల్వది సరే. నీకు తెల్వదా?”

రోహిత్ అరకిలో బెల్లం ప్యాకెట్టు తన బండిలో వేసుకుని, తన బిల్లుతో పాటే కట్టేసి, బయటికొచ్చాక ఆమె చేతిలో పెట్టాడు. దుకాణం పరువు తనే నిలబెట్టినంత సంతోషం వేసింది.

“సల్లగుండు రోహిత్ సారూ,” అని దీవించి ఆమె షేర్ ఆటో ఎక్కింది.

పుప్పాలగూడలో ఇంటికి చేరాక రసజ్ఞ ప్రతి ప్యాకెట్టూ తిప్పి తిప్పి చూసింది. వంక పెట్టడానికి ఒక్కటీ దొరకలేదు. రోహిత్ జరిగిందంతా పూసగుచ్చినట్టు చెప్పాడు.

“ఆవిడకి నీ పేరెలా తెలుసు?”

“మెడలో కార్డుందిగా.”

“చదువు రాదన్నావు.”

“ఎవరో చదివి చెప్పుంటారు. ఓడిపోయానని ఒప్పుకోవడానికి నీకు మనసు రావట్లేదు, అంతే.”

రసజ్ఞ మూతి ముడుచుకునే ఒప్పుకుంది. ఆదివారం రోహిత్ హాయిగా వెళ్లి ముప్పై రెండు పరుగులు కొట్టొచ్చాడు.

సోమవారం పొద్దున ఆఫీసులో, కళ్లు కంప్యూటర్ మీదే ఉంచి, పక్క సీటు అనూషకు ఈ కథంతా వినిపించాడు.

“పాపం, అమాయకురాలు. చివరిదాకా నన్ను దుకాణం మనిషే అనుకుంది.”

అనూష అతని వెనక్కి చూస్తోంది. మూడేళ్లుగా రోజూ ఆ వేళకు నేల తుడుచుకుంటూ వచ్చే కర్ర అతని కుర్చీ దగ్గర ఆగింది. రోహిత్ ఎప్పటిలాగే తల తిప్పలేదు.

“జర కాళ్లు లేపుండ్రి రోహిత్ సారూ, కొసరు బెల్లం మస్తుగున్నది.”