ఉప్పునీళ్ల పురుగులు

మేడమీద గదిలో దిగిన పిల్ల క్యాన్లకు క్యాన్లు మంచినీళ్లు కొని, వాటిల్లో ఉప్పు కలుపుతోందంట. సీసాల్లో సముద్రపు పురుగుల్ని పెంచుతా, వాటిల్లో అన్నాచెల్లెళ్లకే జత కట్టిస్తోందంట. ఎదురింటి వీరమ్మ చెప్పిపోయిన మాటలివి.

ఎండాకాలం మార్కాపురంలో మనిషికే దొరకని నీళ్లు పురుగులకా అని ఇంటామె వెంకటసుబ్బులమ్మకు కడుపు రగిలింది.

ఆమె మొగుడు మల్లయ్యకు కిడ్నీలు పోయినాయి. డయాలసిస్ మీద నెట్టుకొస్తున్నాడు. బోరు నీళ్లు ముట్టొద్దు, క్యాను నీళ్లే తాగమన్నాడు డాక్టరు.

ఆ వారం క్యాన్ల ఆటో రాలేదు. మేడమీద ఆ పిల్ల, లీదియా, గది ముందు మాత్రం రెండు నిండు క్యాన్లున్నాయి.

లీదియా త్రిపురాంతకం పోయిన పూట సుబ్బులమ్మ ఆ నీళ్లు మొగుడి బిందెలోకి వంచుకుంది. క్యాన్లు తన బోరు నీళ్లతో నింపి మూత బిగించింది.

తన బోరంటే ఆమెకు గొప్ప. వీధిలో అందరికీ ఉప్పునీళ్లు పడితే తనకు తియ్యటివి పడినాయి. పురుగులకేం తెలుస్తుందిలే అనుకుంది.

లీదియా వచ్చి ఆ నీళ్లల్లోనే ఉప్పు కలిపి సీసాలన్నీ మార్చింది.

మూడు రోజులకు పురుగులన్నీ సీసాల అడుగున తెల్లగా పేరుకున్నాయి.

పిల్ల మెట్లమీద కూలబడి ఏడుస్తుంటే, సుబ్బులమ్మ ఏమీ ఎరగనట్టు పోయి ఏందమ్మా అని అడిగింది.

"అన్నీ ఒకే అచ్చు పెద్దమ్మా. తరం తరం తోబుట్టువులకే జతకట్టి అట్ల తెచ్చినా. ఊరూరి బోరు నీళ్లల్లో ఉప్పు కలిపి వీటిని వేస్తే, చచ్చినప్పుడు తప్పు పురుగుది గాదు, నీళ్లదేనని తేలాల. ఈ పక్క ఇంతమందికి కిడ్నీలు ఎందుకు పోతున్నాయో కనుక్కుందామని వచ్చినా. ఇంకా పరీక్షే మొదలుపెట్టలా. మంచినీళ్లల్లోనే చచ్చినాయంటే నా పెంపకమే తప్పు."

సుబ్బులమ్మ దేవుడి రాత అనేసి కిందికి దిగింది. క్యాన్లల్లోంచి వంచుకున్న నీళ్లే మొగుడికి గ్లాసులో పోసిస్తుంటే అతని మొహంలోకి చూడలేకపోయింది.

మర్నాడు లీదియా ఖాళీ సీసాలు ఆటోలో సర్దుకుంది. పీడ పోయిందిలే అంది వీరమ్మ, గడపలో నిలబడి.

ఇక ఆగలేక సుబ్బులమ్మ ఆటో కమ్మీ పట్టుకుంది. తల మాత్రం ఎత్తలేదు.

"నీ పెంపకం తప్పు గాదు తల్లీ. ఆ క్యాన్లల్లో ఉన్నది మా బోరు నీళ్లు. నేనే మార్చినా."

తిడుతుందనుకుంది. తిడితే బాగుండుననుకుంది.

వసారాలో మంచంమీదున్న మల్లయ్య వైపు తిరిగింది లీదియా.

"పురుగులు ఈ నీళ్లల్లో మూడు రోజులే ఉన్నాయి. పెదనాయన ఎన్నేళ్లు తాగినాడు పెద్దమ్మా?"