బొట్టు పెట్టిన ట్రాక్టరు

స్టీలు ప్లాంటు మట్టిపనిలో మా ముసలి ట్రాక్టరు మళ్ళీ ఆగితే రేపటి నుంచి రావొద్దన్నాడు మేస్త్రీ.

మెకానిక్ గవర్రాజు డీజిలు పైపులు ఊది, ఫిల్టరు కడిగి, ఎప్పటిలాగే టాంకు మూత మీద పసుపు మెత్తి బొట్టు పెట్టాడు.

“దిష్టి మామ్మా.”

“ఈ తుప్పుకి దిష్టేట్రా?”

కాసేపు నడిచి ఆగిపోయింది.

పసుపు డీజిల్లో పడుతుందేమోనని భయమేసి, మూతను కొంగుతో గట్టిగా తుడిచాను. మూత మధ్యన పసుపుతో పూడుకుపోయిన సన్నని గాలికన్నం బయటపడింది. టాంకు ఉస్సుమని గాలి పీల్చుకుంది. మళ్ళీ స్టార్టు చేస్తే సాయంత్రం దాకా ఆగలేదు.

గవర్రాజు పసుపు ముద్దతో మళ్ళీ వచ్చాడు. “సూసినావా మామ్మా, నా బొట్టు మహిమ!”

“మహిమే నాయినా. ఈపాలి సక్రానికెట్టు, అది అలిగీసింది.”