రేకు తీసిన చెయ్యి

“నువ్వు చెబుతావా, నన్ను చెప్పమంటావా?” మూడోసారి అడిగాడు దుర్గారావు.

“నువ్వూ చెప్పొద్దు, నేనూ చెప్పను. ఆ కంచం ఇలా అందుకో,” అంది కుసుమ, నేల మీద పీటలు వేస్తూ.

“చూసేవా! ఆరుగురు కూర్చునే టేబులుండగా మనం నేల మీద తింటున్నాం. దాని మీద గిటారు పడుకునుంది.”

“మావయ్యగారు దానికి తలకింద దిండు కూడా పెట్టేరండి,” అంది కోడలు దివ్య నవ్వాపుకుంటూ. “మనకే లేదు ఆ మర్యాద.”

“నువ్వూరుకో. టేబులు సంగతి కాదమ్మా. నాన్న గ్లాసెత్తితేనే నీళ్లు ఒలికిపోతున్నాయి. ఆ చేత్తో సుత్తి పట్టుకోవడమేంటి? పోయినేడు బాగుచేసిచ్చిన గిటార్లు రెండు తిరిగొచ్చేయి. ఆ రాజోలాయన వీధిలో నిలబడి ఎన్నేసి మాటలన్నాడో మర్చిపోయేవా?”

“ఈ ఏడు ఒక్కటైనా తిరిగొచ్చిందా?”

“అదృష్టం. ఎన్నాళ్లుంటుంది? సాయంత్రం ఈ గిటారు కోసం అయ్యప్పగారొస్తారు కదా, ఇదే ఆఖరిదని నేనే చెప్పేస్తాను.”

కుసుమ పెరటి వైపు చూసి గొంతు తగ్గించింది. ధర్మరాజు నూతి దగ్గర మొహం కడుక్కుంటున్నాడు.

“ఆ మాట నీ నోటంట విన్నాడంటే మీ నాన్న మళ్లీ మనిషి కాడురా. నా మాట విను.”

దుర్గారావు వినలేదు. తినేసి, దివ్యతోపాటు ఆఫీసుకి వెళ్లిపోయాడు.

ముప్పై ఏళ్లుగా కొత్తపేటలో పాత గిటారు మూలపడిందంటే ధర్మరాజు ఇంటికి రావలసిందే. చర్చిల్లో పాడేవాళ్లవి, పెళ్లిళ్లలో వాయించేవాళ్లవి, మస్కట్ నుంచి తెచ్చుకున్నాక గోదావరి తేమకి ఉబ్బిపోయినవి. గిటారు మెడ మీద అడ్డంగా ఉండే సన్నటి లోహపు బద్దల్ని ఫ్రెట్లంటారు. అవి అరిగితే తీగ జివ్వుమంటుంది. పాతవి కాస్త వేడి చేసి ఊడదీయాలి, కొత్తవి గాడిలో దించాలి, అంచులు ఆకురాయితో నునుపు చేయాలి. ఒక్కటి వెంట్రుకవాసి ఎత్తుగా ఉన్నా పాటంతా పాడవుతుంది.

ఆ రోజు కూడా ధర్మరాజు పొద్దుటంతా కూర్చుని మూడు ఫ్రెట్లు వేశాడు. మూడూ వంకరే. భోజనం చేసి, బీపీ మాత్ర వేసుకుని, టేబులు పక్కనే మడతమంచం వాల్చుకుని, తువ్వాలు మొహం మీద కప్పుకున్నాడు. మాత్ర పడ్డాక ఇంటి మీద కొబ్బరికాయ రాలినా ఆయనకి మెలకువ రాదని కుసుమ ధీమా.

కుసుమ వంటింటి తలుపు చేరవేసి, చేతులు తుడుచుకుని, టేబులు ముందు కూర్చుంది.

శివరాత్రి వెళ్లిన మర్నాటి నుంచీ ఇదే వరస. మొదటిసారి ఆయన వేసిన వంకర ఫ్రెట్టు ఒక్కటి సరిచేద్దామనే కూర్చుంది. ఇప్పుడు మొత్తం ఆమే చేస్తోంది. ఆమెది ఆత్రేయపురం. పదేళ్ల వయసు నుంచీ పొయ్యి మీద కుండకి అంటుకున్న పూతరేకుని చిరక్కుండా తీసిన చెయ్యి. వేడి ఎంతసేపు తగలాలో, ఏ క్షణాన పట్టు వదులుతుందో ఆ వేళ్లకి తెలుసు. పాత ఫ్రెట్టు కూడా అంతే. తొందరపడితే కర్ర పెచ్చు లేస్తుంది. ఆగితే దానంతట అదే పైకొస్తుంది.

కిటికీ అవతల కాలవ. నీళ్ల మీద పడ్డ ఎండ గదిలోకొచ్చి ఇంటికప్పు మీద అలలు అలలుగా కదులుతోంది. కొబ్బరాకుల నీడ గిటారు మీద నుంచి ఆమె చేతుల మీదికి, అక్కడి నుంచి ఆయన తువ్వాలు మీదికి పాకుతోంది. ఇల్లంతా నీటి అడుగున ఉన్నట్టుంది. సుత్తికి గుడ్డ చుట్టి మెల్లగా కొడుతుంటే అది చప్పుడులా లేదు, ఎక్కడో ఎవరిదో గుండె కొట్టుకుంటున్నట్టుంది.

“చాలు... దిగింది,” గొణిగాడు ధర్మరాజు.

కుసుమ చెయ్యి గాల్లో ఆగిపోయింది. ఆయన అటు తిరిగి పడుకున్నాడు.

‘కలలో కూడా ఇవేనా!’ అనుకుని నవ్వుకుంది. వేలితో తడిమి చూస్తే ఫ్రెట్టు నిజంగానే దిగింది.

నాలుగింటికి ఆయన లేచేసరికి ఆమె పొయ్యి దగ్గరుంది. ధర్మరాజు గిటారు మెడ మీద బొటనవేలు చివరంటా నడిపాడు.

“కుసుమా, పొద్దున్న వేసినవి బాగానే కుదిరేయే!”

“మీ పనికేం వంక వస్తుందండీ,” అంది టీ వడకడుతూ. అబద్ధం చెప్పినప్పుడల్లా ఆమెకి గొంతు కాస్త ముద్దగా వస్తుంది. ఆయన గమనించకూడదని దగ్గింది.

సాయంత్రం అందరూ ఇంట్లో ఉండగానే అయ్యప్ప వచ్చాడు. పెళ్లిళ్లలో వాయిస్తాడు. గిటారు ఒళ్లో పెట్టుకుని ఒక్కో ఫ్రెట్టు దగ్గరా తీగ నొక్కి మీటాడు. ఎక్కడా జివ్వుమనలేదు.

“ఏం చేసేరండీ బాబూ! మీ చెయ్యి పదేళ్లు చిన్నదైపోయింది ధర్మరాజుగారూ.”

“ఆయ్,” అన్నాడు ధర్మరాజు నేల చూస్తూ.

“మావాళ్లవి ఇంకో నాలుగున్నాయండి. రేపు పంపించమంటారా?”

దుర్గారావు గొంతు సవరించుకున్నాడు. కుసుమ కొడుకు కేసి కళ్లతోనే బతిమాలింది.

“అయ్యప్పగారూ, ఇంక మా నాన్న...”

“పంపించండి,” అన్నాడు ధర్మరాజు. “పని ఆగదు.”

అయ్యప్ప గేటు దాటాడో లేదో దుర్గారావు తండ్రి వైపు తిరిగాడు. “ఈ చేత్తోనా నాన్నా? చూసుకో ఒక్కసారి!”

“ఒరేయ్, ఆయన చెయ్యి బానే...” కుసుమ అడ్డం రాబోయింది.

ధర్మరాజు ఎప్పుడూ జేబులో దాచుకునే కుడిచేతిని బయటికి తీసి అందరి ముందూ చాపాడు. అది గాలికి ఆకులా వణుకుతోంది. దివ్య తల దించుకుంది. ఆయన మాత్రం కొడుకుని, కోడల్ని వరసగా చూసి, చివరికి కుసుమ దగ్గర ఆగి, నెమ్మదిగా చెప్పాడు.

“రేపట్నుంచి మధ్యాహ్నాలు నేను నిజంగానే నిద్రపోతాను.”