మూడో ప్రశ్న

మాస్టారు ఇవాళ కూడా ఆమెను రింగు ఎక్కనివ్వలేదు.

"ఇంకా తగ్గలేదమ్మాయ్. పక్కన కూర్చో," అన్నారు.

పోయిన వారం సాధనలో ఆమె గడ్డానికి ఒక గుద్దు తగిలింది. మరీ పెద్దదేం కాదు. క్షణం సేపు కళ్ళ ముందు మిణుగురులు తిరిగాయి, అంతే. కానీ ఈ బాక్సింగ్ హాల్లో తలకు తగిలిన దెబ్బకు చిన్నా పెద్దా తేడా లేదు. మాస్టారు గ్లౌజులు విప్పించి, స్టూలు మీద కూర్చోబెట్టి, మూడు ప్రశ్నలు వేస్తారు. మూడింటికీ సరైన జవాబు వస్తేనే మళ్ళీ తాళ్ళ లోపలికి. ఒక్కటి తప్పినా ఇక ఆ రోజుకి అంతే సంగతులు.

ఆమె రెండింటికి టకటకా చెప్పింది. మాస్టారి లెక్కలో మూడోది తప్పు.

మొదట ఆమె నవ్వింది కూడా, ఆటపట్టిస్తున్నారనుకుని. ఆయన నవ్వలేదు. బస్తాలు గుద్దుతున్నవాళ్ళు చేతులాపి ఇటు తిరిగారు. అప్పటినుంచి రోజూ అవే మూడు ప్రశ్నలు, రోజూ ఆమెది అదే జవాబు. డాక్టరు పరీక్ష చేసి, "నీకేంటమ్మా, గుండ్రాయిలా ఉన్నావు," అన్నాడు. ఆ మాట మాస్టారి దగ్గర చెల్లలేదు.

జాగ్రత్త విషయంలో ఆయనది మామూలు చాదస్తం కాదు. పట్టీలు చుట్టని చేతులతో ఎవరైనా బస్తాను తాకితే హాలు ఎగిరిపోయేలా అరుస్తారు. మణికట్టు దగ్గర చిన్న ముడత కనిపించినా విప్పించి మళ్ళీ చుట్టిస్తారు. పళ్ళ తొడుగు మర్చిపోయి వస్తే, "ఆ ముత్యాలు రాలితే ఏరడానికి నా నడుం వంగదురా," అంటారు. హెడ్‌గార్డ్ బిగింపు తన వేలితో చూసుకుంటేగాని ఎవర్నీ లోపలికి పంపరు.

"మా రోజుల్లో ఈ తొడుగులెక్కడివి? కళ్ళు బైర్లు కమ్మినా నిలబడి కొట్టించుకునేవాళ్ళం. పైగా అదో గొప్ప! చెయ్యి విరిగితే అతుక్కుంటుందిరా, తల అతుక్కోదు," అని రోజుకోసారి చెబుతారు. ఒక్కోరోజు రెండుమూడుసార్లు కూడా చెబుతారు. అందరూ మొదటిసారి విన్నట్టే తల ఊపుతారు.

ఆమె ఇంటికొచ్చేసరికి అమ్మ ఉతికిన చేతిపట్టీలు తీగ మీద ఆరేస్తోంది.

"ఇవాళైనా ఎక్కనిచ్చారా?"

"లేదు."

"ఆయనకి కావలసిన మాటేదో అనేస్తే పోయేదానికి ఎందుకే ఈ పంతం?"

"నేను చెప్పింది తప్పా అమ్మా? నువ్వు చెప్పు."

అమ్మ లోపలి గది వైపు చూసి గొంతు తగ్గించింది. "తప్పని ఎవరన్నారే? కానీ ఎల్లుండే కదా ఎంపిక పోటీలు. ఇన్నేళ్ళ నీ కష్టం బూడిదలో పోసిన పన్నీరైపోతుంది."

ఆమెకు ఏడుపొచ్చింది. పోటీకి వెళ్ళాలని లేక కాదు. ఊహ తెలిసినప్పటినుంచీ ఆమెకు వేరే కలే లేదు. అయినా ఆ ఒక్క మాట మార్చడానికి నోరు రావడం లేదు. తడి పట్టీ ఒకటి తీసుకుని మొహానికి అడ్డం పెట్టుకుంది.

మర్నాడు హాలు గుమ్మంలోనే చిన్నకోచ్ ఎదురొచ్చాడు. అతనూ ఒకప్పుడు మాస్టారి దగ్గర నేర్చుకున్నవాడే. ఇప్పుడు హాలు పనులన్నీ అతనే చూస్తాడు.

"ఇవాళ రింగెక్కకపోతే నీ పేరు పంపలేను తల్లీ," అన్నాడు. "ఆయన్ని కాదని ఎక్కించమంటే ఎక్కిస్తాను. కానీ ఈ వయసులో, అందరి ముందూ ఆయన మాట తీసెయ్యమంటావా?"

"వద్దన్నా," అంది ఆమె.

మాస్టారు అప్పటికే స్టూలు వేసి ఎదురుచూస్తున్నారు. ఆమె మొహాన్ని రెండు చేతుల్లోకి తీసుకుని, వెలుతురు వైపు తిప్పి, కళ్ళు పరీక్షగా చూశారు.

"నిన్ను ఊరికే ఆపుతున్నాననుకోకమ్మాయ్. బంగారంలాంటి పిల్లవి. నీకేమన్నా అయితే, మీ నాన్న వచ్చి నిలదీస్తే నేనేం చెప్పుకోను?"

ఆమె పెదవి కొరుక్కుని తల దించుకుంది.

"ఇవాళ ఏ వారం?"

"శుక్రవారం."

"మనమెక్కడున్నాం?"

"బాక్సింగ్ హాల్లో."

"నేనెవర్ని?"

ఆమె తలెత్తి ఆయన కళ్ళలోకి చూసింది. చాలాసేపు చూసింది. అక్కడ ఆమెకు కావలసింది కనిపించలేదు.

"మాస్టారు," అంది.

ఆయన మొహం చాటంతయింది. "శభాష్! తగ్గిపోయింది! ఎక్కమ్మాయ్, ఎక్కు!" అంటూ హెడ్‌గార్డ్ తనే తెచ్చి ఆమె తలకు పెట్టి, గడ్డం కింద పట్టీ నొప్పెట్టకుండా బిగించారు. చిన్నకోచ్ గోడవైపు తిరిగి నిలబడ్డాడు.

నిన్నటిదాకా ఆ మూడో ప్రశ్నకు ఆమె రోజూ ఒకటే జవాబు చెప్పింది, "నువ్వు మా నాన్నవి," అని.