వెలుతురు పెంచు

“అమ్మా, కిటికీ వేపు తిరుగు. ఫొటోలో నీ మొకం తెలిసిపోతంది,” అంది విజయశ్రీ, కెమెరా కంటికి ఆనించుకుని.

తాకేటా పేటలో ఆ వీధి వీధంతా కిటికీల్లో నిలబడి, ప్రభుత్వాన్ని లాక్కున్న సైన్యం మీద కోపంతో గిన్నెలు వాయిస్తోంది. సందు చివర సైనికుల లారీ ఆగి ఉంది. లక్ష్మీనరసమ్మ తిరగలేదు. గరిటెతో సత్తు గిన్నెను మరింత గట్టిగా కొట్టింది.

“పోనీ, ఐఎస్‌ఓ తగ్గించేత్తాను. కెమెరా తక్కువ వెలుతురు పట్టుకుంటాది. నువ్వు ఉట్టి నీడలా పడతావు. ఆపేసిన నెట్టు మళ్ళీ వచ్చి ఫొటో బయటికెళ్ళినా, నిన్నెవులూ పోల్చలేరు.”

“మీ అన్నని లాక్కెళ్ళినోలు మొకాలకి గుడ్డలు కట్టుకున్నారు. నానేటి తప్పు సేసినానే, దాసుకోడానికి? పెంచు.”

“పెంచితే నీ కోసం కూడా వత్తారమ్మా!”

“రానీ. మా లింగరాజు ఏడని ఆలనే అడుగుతాను. టేసనుకెల్తే గేటు కాడే తోలేత్తన్నారు కదా.”

విజయశ్రీ ఐఎస్‌ఓ పెంచి, ఫ్లాష్ లేకుండా నొక్కింది. మునిమాపు మసకలోనూ తల్లి మొహం, బొట్టుతో సహా, కెమెరా తెర మీద తేలింది.

“ఈ సుక్కలేటే, ఇసక జల్లినట్టు?”

“మసకలో పెంచితే ఇలాగే వత్తాయి.”

“మొకం తెలుత్తంది. సాలు.”

విజయశ్రీ కెమెరాను అల్మారా మీద నిలిపి, టైమర్ పెట్టింది. వంటింట్లోంచి ఒక మూకుడు తెచ్చుకుని తల్లి పక్కన నిలబడి, కెమెరా వైపు మొహం తిప్పింది.