రాట పక్కన చోటు

కళ్లంలో నాలుగెద్దుల్ని ఒకే తాడుకి వరసగా కట్టి, నడుమ పాతిన రాట చుట్టూ తిప్పుతూ వరి తొక్కించేవారండీ. రాటని ఆనుకుని ఉండే చోటు పెద్దెద్దు రాయుడిది. వరసకంతా నాయకుడు వాడే. అందరికన్నా బయట, కొసన ఉన్నవాడు మన మైలగాడు.

"ఏరా మైలా, మళ్లీ వెనకబడ్డావేం? నన్ను చూసి నేర్చుకో. ఒక్క చెమట చుక్కైనా కారుతోందా?" అనేవాడు రాయుడు.

మైలగాడు నురగలు కక్కుతూ పరిగెత్తేవాడు. "నిజమే బాబాయ్, లోపం నాలోనే ఉంది. ఈ జన్మకి నేను నీ అంతవాణ్ణి కాలేను" అని కుమిలిపోయేవాడు. పాపం, మేత కూడా సయించేది కాదు.

ఓ ఏడాది రాయుడికి కాలు పట్టేసింది. రైతు మైలగాణ్ణి తెచ్చి రాట పక్కన కట్టాడు. మైలగాడు నావల్ల అవుతుందా అనుకుంటూనే అడుగేశాడు. ఒక చుట్టు తిరిగాడు, ఇంకోటి తిరిగాడు. ఓరి నాయనో, ఇక్కడ నడకే లేదు! ఉన్నచోట అలా మెసిలితే చాలు, పరుగంతా కొసవాడిదే!

మైలగాడికి ముందు ఏడుపొచ్చింది, తర్వాత నవ్వొచ్చింది. అంతలో కొసన కొత్తగా కట్టిన చుక్కలగాడు రొప్పుతూ, "బాబాయ్, ఎంత పరిగెత్తినా అందుకోలేకపోతున్నాను. నా తప్పెక్కడుందో చెప్పవూ?" అని అడిగాడు.

నిజం మైలగాడి నాలుక చివరిదాకా వచ్చింది. చెబితే ఈ చోటు పోదూ? నోట్లో ఉన్న గడ్డితో పాటు దాన్నీ మింగేసి, తీరిగ్గా అన్నాడు:

"నన్ను చూసి నేర్చుకోరా. ఒక్క చెమట చుక్కైనా కారుతోందా?"