మూగపట్టీ

ఆ అపార్ట్‌మెంటులో ప్రతి కుక్క మెడకూ మూగపట్టీ తప్పనిసరి. కుక్క మొరిగితే శబ్దం బయటికి రాదు. ఆ మొరుగు మాటలుగా మారి అందరి ఫోన్లకూ మెసేజీగా వెళుతుంది. ఈ రూలు కోసం మీటింగులో గొంతు చించుకున్నది మూడో అంతస్తు హైమవతే.

అయినా ఆవిడకు మనశ్శాంతి దక్కలేదు. ఎదురింటి ప్రభాకరం కుక్క టింకూ రోజంతా మెసేజీలు పెడుతూనే ఉంది. ‘పిల్లి.’ ‘డాబా మీద పావురం.’ ‘మళ్ళీ పావురం.’

“నోరు మూయిస్తే ఫోనులో మొరుగుతోందండీ మీ దరిద్రం!” అని ఆ మధ్యాహ్నం ప్రభాకరం గుమ్మంలో నిలబడి దులిపేసింది.

“పట్టీ కట్టించింది మీరేగా? అనుభవించండి,” అని అతను మొహం మీదే తలుపు వేశాడు.

హైమవతి కసిగా టింకూను బ్లాక్ చేసి, హాయిగా నిద్రపోయింది.

లేచి చూస్తే, వడియాలకు కాపలాగా డాబా ఎక్కిన అత్తగారు ఇంకా దిగిరాలేదు. పైకి పరుగెత్తింది. ముసలావిడ మండుటెండలో, వడియాల గుడ్డ మీద బోర్లా పడి ఉంది. ఊపిరి మాత్రం ఆడుతోంది. పక్కనే టింకూ నోరు తెరుస్తోంది, మూస్తోంది. ఎప్పటినుంచి మొరుగుతోందో! తనలాగే అందరూ దాని మెసేజీలు చూడటం మానేసినట్టున్నారు.

సాయానికి పిలవబోతే హైమవతికి గొంతు పెగల్లేదు. టింకూ మెడలోని పట్టీ పీకి పారేసింది.

కుక్క మొరిగింది. ఏడాది తర్వాత మొదటిసారి, బిల్డింగంతా దద్దరిల్లేలా మొరిగింది. కింద కిటికీలన్నీ టపటపా తెరుచుకున్నాయి.

“ఎవరిదా కుక్క? రూలు తెలీదా? ముందు దాని నోరు మూయించండి!”

కిటికీలన్నీ మళ్ళీ మూసుకున్నాయి.